అప్పాల గదిలో పదకొండో ప్రశ్న

మే 6

పిన్నికి,

ఈ ఉదయం హాస్టల్ స్నానాల గదిలో ముఖం కడుక్కుంటూ చూశాను. గట్టు మీద ఎనిమిది సబ్బుపెట్టెలు వరసగా ఉన్నాయి. ఏడింటిలో సబ్బు ఎండి పగుళ్లిచ్చింది. నాది ఒక్కటే తడిగా ఉంది. సెలవులిచ్చి పదకొండు రోజులైందని అప్పుడు లెక్కవేసుకున్నాను.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్‌లో నాకు మాటలు రావు. పైగా మీ మఠం ఫోన్ మదర్ గారి గదిలో ఉంటుంది. ఆవిడ వింటుంటే మీకూ మాటలు రావు.

ఈ ఉత్తరంతో ఒక కాగితాల కట్ట పంపుతున్నాను. నా పరిశోధనలో నాలుగో అధ్యాయం. జనవరిలో మూడు రోజులు మీ అప్పాల గది సగం తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుని పద్నాలుగు ప్రశ్నలు అడిగాను గుర్తుందా? వాటి మీద రాసింది ఇది. మా శాఖలో మతాల్లో ఆడవాళ్ల స్థానం గురించి చదువుతాం. మిగతావాళ్లు గ్రంథాలు చదువుతారు, నేను పనిని చదువుతున్నాను. చర్చి పూజలో ఫాదర్ చేతిలోకి వెళ్లే అప్పాన్ని ఎవరు కాలుస్తారు, బలిపీఠం మీది గుడ్డ ఎవరు ఉతికి ఇస్త్రీ చేస్తారు, ఆ చేతులు పూజ మొదలయ్యాక బలిపీఠం దగ్గరికి ఎందుకు రావు అన్నది నా ప్రశ్న.

రికార్డింగ్ విని రాసుకుంటున్నప్పుడు ఒకటి గమనించాను. ఏడు చోట్ల నేను ప్రశ్న అడిగాక మీరు చాలాసేపు మాట్లాడలేదు. అప్పటి నా నోట్సు తీసి చూస్తే, ఆ ఏడుసార్లూ చూపు కిందికి దించారు. పెదవులు కొద్దిగా కదిలాయి. తర్వాత నిట్టూర్చి జవాబు మొదలుపెట్టారు. ఆ ఏడు మౌనాల మీదే అధ్యాయం కట్టాను. నోరు మెదపకూడదని నేర్పిన చోట ఆడది తన బాధను మౌనంలో దాచుకుంటుందని దాని సారం. గైడ్ మేడమ్ దాన్ని సెమినార్‌లో చదివించారు. చివరి వరసలో ఒక రిటైరైన ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాలుగేళ్లలో నా పని విని ఒక మనిషి కదలడం అదే మొదటిసారి.

పదకొండో ప్రశ్న చదివేటప్పుడు కష్టమనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఇంట్లో ఎవరైనా చనిపోతే సిస్టర్లకు వెళ్లే అనుమతి ఉండేదా అని అడిగాను. మీరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'అయ్యో' అన్నారు, అంతే. అమ్మ పోయినప్పుడు, అనుమతి దొరకలేదని మీరు నాన్నకు రాసిన రెండు వాక్యాల ఉత్తరం నా దగ్గరే ఉంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మీరెందుకు రాలేదన్నది ఆ ఉత్తరం చెప్పింది. రాలేకపోయినందుకు మీకెలా ఉండిందో మీ మౌనం చెప్పింది. పద్దెనిమిదేళ్లకు.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు చూపించి సంతకం తీసుకోవాలని మా శాఖ నియమం. ఫారం కట్ట చివర ఉంది. జూన్ 15 లోపు అందితే ఈసారే సమర్పించవచ్చు. మీ పేరు ఎక్కడా రాయలేదు.

మీ అక్క కూతురు


మే 14

పురుగూ,

నీ కట్ట అందింది. పుస్తకాల పురుగని పేరు పెట్టిన మీ అమ్మ ఉంటే ఇప్పుడు ఏ పేరు పెట్టేదో. అది నన్ను 'ఒసేయ్' అని తప్ప పిలిచి ఎరగదు. దాని కడుపున పుట్టి నువ్వు మీరూ మీకూ అంటుంటే స్కూలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ రాసినట్టుంది.

చదవడానికి మూడు రోజులు పట్టింది. ఒక్కో వాక్యం గూడ్సు బండి అంత పొడుగు. ఇంజను చూసినవాడికి చివరి పెట్టె కనపడదు. మధ్యాహ్నం పూట వంట సిస్టర్‌కి చదివి వినిపించాను. "ఈ కుమిలిపోయే ఆవిడ ఎవరే, పాపం" అంది. "నేనే" అన్నాను. తాగుతున్న నీళ్లు ముక్కులోకెక్కి ఐదు నిమిషాలు దగ్గింది. అప్పట్నుంచి నాకు ఉప్పు అందించినప్పుడల్లా "ఇదిగోమ్మా, బాధామయీ" అంటోంది.

ఒసే పిచ్చిదానా, నేను మౌనంగా ఎక్కడున్నాను? లెక్కపెడుతున్నాను.

అచ్చు తెలుసుగా, రెండు ఇనుప పలకలు. జారుగా కలిపిన పిండి కింది పలక మీద గరిటెడు పోసి, పై పలక మూసి, నలభై లెక్కపెట్టాలి. ముప్పై అయిదుకి తీస్తే పచ్చిగా అంటుకుంటుంది. నలభై అయిదుకి తీస్తే ఎర్రబడుతుంది. ఎర్రబడినవి పూజకు పనికిరావు, కోళ్లకు వేస్తాం. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది. గోడ గడియారం ఉంది గానీ దాని ముల్లు మన వంట సిస్టర్ లాగా, బుద్ధి పుట్టినప్పుడు కదులుతుంది. ఇరవై ఆరేళ్లుగా నోట్లోనే లెక్క. అందుకే పెదవులు కదిలాయి. చూపు దించానంటావా, మరి పొయ్యి పైకప్పు మీద ఉండదు కదే.

నిట్టూర్పు కూడా రాశావు. ఆ పై పలక బరువు నీకేం తెలుసు? నాకు యాభై ఆరు నిండాయి. దాన్ని ఎత్తితే నిట్టూర్పు రాక పాట వస్తుందా?

తప్పు నీది కాదులే. బయటివాళ్లు లోపలికి రాకూడదు. సగం తలుపు మీదనుంచి నీకు నా మొహమే కనపడింది. చేతుల మీద పుస్తకం రాసినదానివి, ఆ చేతులే చూడలేదు.

నాకు బాధలే లేవని కాదు. ఉన్నాయి. ఫాదర్ మారినప్పుడల్లా కొత్తాయన వచ్చి అప్పం ఎంత పల్చగా ఉండాలో నాకు నేర్పుతాడు. అది రాయి. సంతోషంగా సంతకం పెడతాను. దీనికి మాత్రం పెట్టలేను. జరగనిదానికి సాక్షి సంతకం పెట్టినట్టు అవుతుంది.

సబ్బుపెట్టెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోక బయటికి వెళ్లి ఏదైనా తిను.

నీ పిన్ని


మే 21

పిన్నికి,

ఉత్తరం అందింది. వంట సిస్టర్‌ గారికి నవ్వు తెప్పించినందుకు సంతోషం.

మీరు రాసింది గైడ్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టకుండానే అన్నారు, "లెక్కపెట్టాననే అంటుంది. ఆ లెక్క వెనక ఏముందో ఆమెకి తెలియదు. తెలుసుకోవడం మన పని." నేను తలూపి వచ్చేశాను. మూడు అంతస్తుల మెట్లు దిగాక ఆ మాట నాకు నచ్చలేదని తెలిసింది. మళ్లీ పైకి వెళ్లి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మిగిలిన ఆరు మౌనాలు లెక్కలైతే కానివ్వండి. పదకొండో ప్రశ్న గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అదొక్కటి చెప్పండి. అదీ లెక్కేనా?

ఇది అధ్యాయం కోసం అడగడం లేదు.

మీ అక్క కూతురు


మే 27

పురుగూ,

నీ ఉత్తరం చూస్తే భయమేసింది. ఇంత చిన్నగా నువ్వు టెలిగ్రాం కూడా రాయవు. నవ్వులాటకు రాస్తే మనసు కష్టపెట్టుకున్నావు. తప్పు నాదే. నాలుగేళ్ల చదువు ఒక ముసలిదాని సంతకం దగ్గర ఆగిపోతే నిద్ర ఎలా పడుతుంది నీకు?

అందుకని సంతకం పెట్టేశాను. ఫారం లోపల ఉంది, చూసుకో. తేదీ కూడా వేశాను. మీ మేడమ్‌కి ఇచ్చెయ్. ఆ పాపమేదో పాపసంకీర్తనలో నేను చెప్పుకుంటాను. మా ఫాదర్‌కి చెవుడు, ఎలాగూ సగమే వింటాడు.

పదకొండోది కూడా లెక్కేనమ్మా. 'అయ్యో' అన్నది మాడిపోయినందుకు. ఆ పలకలోది మొత్తం ఎర్రబడి కోళ్లకు పోయింది. ఆ సంగతి వదిలెయ్.

మీ నాన్న దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రాకూడదూ? ఆయన మళ్లీ చేసుకున్న ఆవిడ మంచిదే అన్నావుగా.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
నీ పిన్ని


జూన్ 3

పిన్నీ,

ఫారం తిప్పి పంపుతున్నాను. రెండు ముక్కలు చేశాను. నాకు నీ సంతకం అక్కర్లేదు.

నాన్న ఇంటికి వెళ్లమన్నావు. వెళితే నాకు ముందు గదిలో సోఫా మీద పక్క వేస్తారు. పొద్దున్నే నేను లేచేదాకా ఎవరూ ఆ గదిలో నడవరు. అంత మర్యాద. కొత్త చుట్టానికి చేసినట్టు చేస్తారు. మూడో రోజుకి నాకే జాలేసి వచ్చేస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు లైబ్రరీలో నేనొక్కదాన్నే ఉన్నాను. రికార్డింగ్ పెట్టుకుని, చేతి గడియారం బల్ల మీద పెట్టి, ఏడు మౌనాలూ కొలిచాను. నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నానని చెప్పుకునేదాన్ని, ఈ పని జనవరిలోనే చేసి ఉండాల్సింది. మొదటిది ముప్పై తొమ్మిది సెకన్లు. రెండోది నలభై. మూడోది నలభై. నాలుగోది నలభై ఒకటి. ఇలా ఆరు ఉన్నాయి. నువ్వు చెప్పింది నిజమే. అంత సరిగ్గా లెక్కపెట్టే మనిషిని నేను చూడలేదు. ఆ ఆరింటి మీద నేను రాసిందంతా తప్పు.

పదకొండో ప్రశ్న తర్వాతిది డెబ్బై రెండు.

మూడుసార్లు కొలిచాను. డెబ్బై రెండే.

ఇరవై ఆరేళ్లలో లెక్క తప్పని మనిషివి. నలభై దాటాక ఏం లెక్కపెట్టావు పిన్నీ?

నిజం చెప్పకపోతే చెప్పకు. మాడిపోయిందని మాత్రం మళ్లీ రాయకు. ఎందుకు మాడింది అని అడుగుతున్నాను.

నీ కోసం ఇంకో ఫారం పంపను.


జూన్ 12

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. ఏప్రను జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మూల మీద పిండి అంటుకుంది.

అనుమతి దొరికింది.

మీ నాన్న టెలిగ్రాం పొద్దున వచ్చింది. అప్పటి మదర్ చదివి, నేను అడక్కముందే "వెళ్లిరా, మూడు రోజులు ఉండి రా" అంది. తన సంచి ఖాళీ చేసి నాకిచ్చింది. నీ చాప్టర్‌లో ఆవిడని గుండె లేని మనిషిని చేశావు. ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

బస్సెక్కాను. మీ వీధి స్టాపులో దిగలేక ఒక స్టాపు ముందే దిగి నడిచాను. మీ ఇంటి ఎదురుగా మందుల షాపు ఉండేది, అందులోకి వెళ్లి నిలబడ్డాను. షాపతను "ఏం కావాలి సిస్టర్" అంటే తలనొప్పి మాత్ర అన్నాను. అప్పటికి అంతా అయిపోయినట్టుంది. ఇంటి ముందు బెంచీ మీద ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో నువ్వు. ఎవరు వేశారో నీ జడలు, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. బస్సు ఆగినప్పుడల్లా నువ్వు లేచి నిలబడుతున్నావు. దిగినవాళ్లందరినీ చూసి మళ్లీ కూర్చుంటున్నావు. నాలుగు బస్సులు చూశాను.

రోడ్డు దాటితే ఇరవై అడుగులు. దాటితే నువ్వు వచ్చి నా నడుము పట్టుకుంటావు. పట్టుకుంటే నేను విడిపించుకోలేను. మీ నాన్న ఉండిపొమ్మని అడుగుతాడు, ఆయన అడక్కపోయినా నేను ఉండిపోతాను. అది నాకు ఎంత బాగా తెలుసంటే, ఆ షాపులో నిలబడి మీ వంటింట్లో ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను. అంతలో నా గది గుర్తొచ్చింది. పొద్దున నాలుగున్నరకి నేనొక్కదాన్నే వెళ్లి దీపం వేస్తాను, పిండి కలుపుతాను, అచ్చు వేడెక్కుతుంది. ఆ గంటన్నర ఎవరూ ఉండరు. నేను ఈ లోకంలో దేన్నయినా ప్రేమించానంటే ఆ గంటన్నరని. నా పంతొమ్మిదో ఏట ఇంట్లో అందరితో పోట్లాడి మఠంలో చేరితే, పదకొండేళ్లకు నాకు దొరికింది అది.

మాత్ర చేతిలో పట్టుకుని వెనక్కి నడిచాను.

మదర్ "అంతా సరిగ్గా జరిగిందా" అంటే "జరిగింది" అన్నాను. రెండు రాత్రులు బస్టాండు దగ్గర చర్చి సత్రంలో గడిపి వచ్చానని ఆవిడకి తెలియదు. మీ నాన్నకి అనుమతి దొరకలేదని రాశాను. ఇక్కడ ఒక అబద్ధం, అక్కడ ఒక అబద్ధం. రెండూ పద్దెనిమిదేళ్లు చక్కగా నిలబడ్డాయి. వంట సిస్టర్‌కి కూడా తెలియదు. ఇక్కడ అందరూ నేను మా అక్కను సాగనంపి వచ్చాననే అనుకుంటున్నారు.

నీ చాప్టర్‌లో నన్ను ఆపినవాళ్లు చాలామంది ఉన్నారు. మదర్, నియమాలు, బిషప్పులు, రెండు వేల ఏళ్లు. చదువుతుంటే సుఖంగా కూడా ఉంది, తప్పు ఎవరి నెత్తినో పడుతుంటే ఎవరికి చేదు? కానీ ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు. నేనే వెనక్కి తిరిగాను. అంతమందిలో నాకు మాత్రం చోటివ్వలేదు నువ్వు.

నువ్వు ఆ ప్రశ్న అడిగినప్పుడు నలభై లెక్కపెట్టాను. నలభై దాటాక బస్సులు లెక్కపెట్టాను.

ఇదంతా రాసుకో. సంతకం పెడతాను. 'అప్పాలు కాల్చే సిస్టర్' అని రాస్తే పేరు లేకపోయినా ఇక్కడ అందరికీ తెలుస్తుంది. తెలియనీ. నాకింక దాచే ఓపిక లేదు.

పిన్ని


జూన్ 20

పిన్నీ,

నీ ఉత్తరం పార్కు బెంచీ మీద చదివాను. గదిలో చదవలేకపోయాను. పక్కన ఒకావిడ కుక్కకు బంతి విసురుతోంది. నేను ఏడవడం చూసి బంతి విసరడం మానేసి, కుక్కను తీసుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది.

క్షమించానని రాస్తే నువ్వు నమ్మవు. నాకూ తెలియదు. నాలుగు రోజులుగా ఆ షాపులో నీ పక్కన నిలబడి నన్ను చూస్తున్నాను. కొన్నిసార్లు నిన్ను రోడ్డు మీదికి తోసేయాలనిపిస్తుంది. కొన్నిసార్లు, పద పిన్నీ ఆలస్యమవుతోంది అని నేనే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్తాను. నువ్వు నాలుగు బస్సులు చూశావు. ఆ తర్వాత ఇంకా చాలా వచ్చాయి. చివరిది ఎనిమిదిన్నరకి. దానికి కూడా లేచి నిలబడ్డాను.

నువ్వు చెప్పిన ఆ గంటన్నర గురించి చదివినప్పుడు మాత్రం కోపం రాలేదు. లైబ్రరీ తలుపులు తీసేటప్పుడు మొదట లోపలికి వెళ్లేది నేనే. లైట్లు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఎవరైనా వచ్చి కుర్చీ జరిపేదాకా నాకు ఏదీ తక్కువనిపించదు. దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. నేను నిన్ను చూసి జాలిపడినట్టు.

పదకొండో ప్రశ్న తీసేశాను. దాని జవాబు నాకు వచ్చింది, మా శాఖకు కాదు. 'రాసుకో' అని నువ్వు అనొచ్చు. ఇరవై ఆరేళ్లుగా అప్పాలు కాల్చిన గదిలోకి వెళ్లేటప్పుడు నీ వెనక ఎవరో గుసగుసలాడేలా నేను రాయను. ఈసారి రోడ్డు దాటకుండా వెనక్కి తిరుగుతున్నది నేను.

మిగిలిన ఆరు మౌనాల మీద అధ్యాయం మొదట్నుంచీ రాస్తున్నాను. గడియారం లేకుండా నలభై సెకన్లను సెకనుకు మించి అటూ ఇటూ కాకుండా నోట్లో పట్టుకోవడం ఎన్నేళ్లకు వస్తుంది, ఎవరు నేర్పారు, పల్చదనం గురించి కొత్త ఫాదర్ చెప్పేటప్పుడు ఆ లెక్క తెలిసిన మనిషి ఏమంటుంది. ఇవి అడగాలి. మొదటి పది పేజీలు మేడమ్‌కి ఇచ్చాను. "ఇదివరకు చదివితే ఏడుపొచ్చేది. ఇప్పుడు వంటల పుస్తకంలా ఉంది" అన్నారు. ఈసారి మెట్లు దిగకముందే చెప్పాను. "ఆవిడ లెక్కపెట్టింది మేడమ్. లెక్క వెనక ఏముందో ఆవిడకి తెలుసు. మనకి చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు" అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టి, "సరే, డిసెంబర్లో ఇవ్వు" అన్నారు. కోపమో, మెచ్చుకోలో తెలియలేదు. జూన్ గడువు పోయింది.

జూలైలో వస్తాను. లోపలికి రానివ్వమని మదర్ గారిని అడుగు. ఈసారి రికార్డర్ తీసుకురాను, ఆ పలకలు ఎత్తి చూస్తాను. వంట సిస్టర్ గారికి బాధామయి అక్క కూతురు వస్తోందని చెప్పు.

పురుగు

తా.క. డిసెంబర్ దాకా గది ఉంచమని నిన్న హాస్టల్ ఫారం నింపి ఇచ్చాను. ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలి అని అందులో ఒక గడి ఉంటుంది. ఇక్కడ చేరినప్పటినుంచి, ఆరేళ్లుగా, అందులో నీ పేరే రాస్తున్నాను.